పేరు కొడితే దొరకని తాతలు

వంశచరిత్ర తెలుసుకోవాలన్న కోరిక ఈమధ్య మన ఇళ్ళలో బాగా పెరిగింది. విదేశాల్లో ఉన్న పిల్లలకు అక్కడి స్నేహితులు ఏడెనిమిది తరాల పేర్లు గడగడా చెప్పేస్తుంటే, మనవాళ్ళు ముత్తాత దగ్గరే ఆగిపోతున్నారు. అప్పుడు ఫ్యామిలీసెర్చ్ లాంటి వెబ్‌సైటు తెరిచి ముత్తాత పేరు కొడతారు. వెంకటయ్య అని కొడితే ఒక్కరూ రారు, లేదంటే వేలమంది వస్తారు. ఆ వేలమందిలో మన వెంకటయ్య ఎవరో తేల్చుకునే దారి ఉండదు. "మన దేశంలో రికార్డులు ఎక్కడున్నాయి లెండి" అని విసుక్కుని లేచిపోతారు. విసుగు రావడం సహజమే కానీ, ఆ మాట మాత్రం నిజం కాదు. రికార్డులున్నాయి. వాటిని పేరుతో వెతకడంలోనే ఇబ్బంది ఉంది. ఆ వెబ్‌సైట్లలో పేరు రాయమని అడిగే గడి, ఇంటిపేరు తరతరాలకూ మారని దేశాలను, ఇంటింటి జనాభా లెక్కల కాగితాలు దాచిపెట్టుకున్న దేశాలను దృష్టిలో పెట్టుకుని తయారైంది. అమెరికాలో 72 ఏళ్ళు నిండిన జనాభా లెక్కల పత్రాలను, బ్రిటన్‌లో 100 ఏళ్ళు నిండినవాటిని ఎవరైనా చూడవచ్చు. ఫలానా ఇంట్లో ఫలానా రోజున ఎవరెవరున్నారో పేరుపేరునా అందులో ఉంటుంది. మన దేశంలో 1870ల నుంచి పదేళ్ళకోసారి జనాభా లెక్కలు జరుగుతూనే వచ్చాయి. కానీ మొత్తాలు కట్టుకున్నాక ఇంటింటి పత్రాలను దాచే పద్ధతి ఇక్కడ లేదు. మనకు మిగిలినవి అంకెలే. అక్కడివారి వెతుకులాటకు మూలస్తంభమైనది మనకు లేనప్పుడు, వారి పద్ధతినే పట్టుకుని వేలాడటం దండగ.

మరి మనం దేన్ని పట్టుకోవాలి? నా వాదన సూటిగా చెబుతాను. మన తాతముత్తాతల గురించి ఎవరూ వారి మీద ప్రేమకొద్దీ రాసిపెట్టలేదు. రాసినవాడికి ఏదో అవసరం ఉండి రాశాడు. ఒకడికి శిస్తు కావాలి, ఒకడికి కూలీ కావాలి, ఒకడికి స్టాంపు రుసుము కావాలి, ఒకడికి దక్షిణ కావాలి. ఏ అవసరంతో రాశాడో దానికి అనుకూలంగానే కాగితాలను వరసగా పేర్చుకున్నాడు. శిస్తు వేసేవాడు భూమి వరసలో పేర్చాడు, కూలీని ఓడ ఎక్కించినవాడు నంబర్ల వరసలో పేర్చాడు. ఆ వరస తెలుసుకుని అదే తలుపు తట్టాలి. "మా ముత్తాత పేరు ఎక్కడుంది?" అని అడిగితే మన రికార్డులు నోరు విప్పవు. "మా ముత్తాతతో ఎవరికి ఏం పని పడింది?" అని అడిగితే విప్పుతాయి.

పేరును ఎందుకు నమ్మకూడదంటున్నానో ముందు చెప్పాలి. మనలో చాలా కుటుంబాల్లో మనవడికి తాత పేరు పెడతారు. దాంతో తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. 1900లో కనిపించే సుబ్బయ్య కొడుకు రామయ్య, 1950లో కనిపించే సుబ్బయ్య కొడుకు రామయ్య ఒకరే కారు. రెండోవాడు మొదటివాడి మనవడై ఉండొచ్చు, పక్కవీధి వాడూ అయ్యుండొచ్చు. ఇంటిపేరేమో ఒక కాగితంలో ముందుంటుంది, ఒక కాగితంలో వెనక ఉంటుంది, మరొక దానిలో పొడి అక్షరంగా కుదించుకుపోతుంది, చాలా వాటిలో అసలే ఉండదు. ఇంగ్లీషు లిపిలోకి వెళ్ళేసరికి ఒకే మనిషి నాలుగు రకాలుగా కనిపిస్తాడు. నైజాం ఇలాకాలో అయితే తెలుగు పేరు ఫారసీ లిపిలోనో ఉర్దూ లిపిలోనో పడింది. అచ్చుల గుర్తులు విడిచి రాసే ఆ లిపిలో మల్లయ్యను ఎలా చదవాలో చదివేవాడి అనుభవం తేల్చాలి. వయసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత దస్తావేజుల్లో "సుమారు" అన్న మాట లేకుండా వయసు రాయరు. బడి రిజిస్టర్లలో ఊరిలోని పిల్లల్లో సగం మంది జూలై ఒకటో తేదీనే పుట్టి ఉంటారు. అది పంతులుగారి సౌకర్యమే తప్ప గ్రహస్థితి కాదు. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం వచ్చింది, దేశమంతటికీ 1969లో వచ్చింది. అయినా పాత నమోదుల్లో "మగ శిశువు", "ఆడ శిశువు" అనే ఉంటుంది కానీ, బిడ్డ పేరు ఉండదు. నమోదు చేసే నాటికి బారసాల కాలేదు మరి.

భూమి మాత్రం కదలదు. మనుషుల పేర్లు ఎన్ని రకాలుగా మారినా సర్వే నంబరు అంత తేలిగ్గా మారదు, మారినప్పుడు పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చెప్పే పట్టిక కూడా ఉంటుంది. అందుకే మన వంశవృక్షానికి వేరు భూమి రికార్డులో ఉందంటాను. సర్కారు జిల్లాల్లోనూ రాయలసీమలోనూ సెటిల్మెంట్ల కాలంలో తయారైన ఆర్‌.ఎస్‌.ఆర్‌., అంటే రీసెటిల్మెంట్ రిజిస్టరులో నంబరు వారీగా విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. జమీందారీ గ్రామాలకు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే రైత్వారీ సర్వే జరిగింది కాబట్టి, అక్కడివారు ఆ తర్వాతి ఫెయిర్ అడంగల్ నుంచి మొదలుపెట్టాలి. తెలంగాణలో అయితే సేత్వార్, అంటే సర్వే నాటి మూల రిజిస్టరు, ఆ తర్వాత 1954–55 నాటి ఖాస్రా పహాణీ. ఖాస్రా పహాణీ మాట ఇప్పటికీ తహసీల్దారు ఆఫీసుల్లో రోజూ వినబడుతుంది, ఎందుకంటే తగాదాలన్నీ అక్కడికే వెళ్ళి ఆగుతాయి. పాత అడంగల్లోనూ పహాణీలోనూ పట్టాదారు గడి ఒకటి, అనుభవదారు గడి ఒకటి విడివిడిగా ఉంటాయన్నది గమనించాలి. మీ ముత్తాతకు పట్టా లేకపోవచ్చు, ఎవరి భూమో కౌలుకు చేసుకుని ఉండవచ్చు. ఆ రెండో గడిలో ఆయన ఉండే అవకాశం ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌల్దారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు కూడా అలాంటివే. భూమి లేనివాళ్ళకు రికార్డు లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. దున్నినవాడి పేరు కూడా ఎక్కడో ఒకచోట పడింది, ఎందుకంటే పంట ఎవడి చేతిలో ఉందో సర్కారుకు తెలియాలి.

భూమి కదలదన్న సంగతి 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ముందే కనిపెట్టినట్టుంటుంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులకు రెండు సూచికలు పెట్టమంది. మొదటిది మనుషుల పేర్లతో, రెండోది ఆస్తులతో. ఈసీ కోసం, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం కోసం వెళ్ళినవాళ్ళకు రెండో సూచిక విలువ తెలుసు. ఊరూ సర్వే నంబరూ చెబితే ఆ నేల మీద జరిగిన క్రయవిక్రయాలన్నీ వరసగా బయటికొస్తాయి. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువాటి కోసం ఆఫీసుకు వెళ్ళి పుస్తకాలు తీయించుకోవలసిందే. దరఖాస్తు, రుసుము, నాలుగు రోజులు తిరగడం తప్పవు. దస్తావేజు చేతికొచ్చాక చాలామంది అమ్మినవాడు, కొన్నవాడు, వెల చూసి మూసేస్తారు. అసలు సరుకు హద్దుల్లో ఉంటుంది. "తూర్పు: ఫలానా వారి పొలం, దక్షిణం: ఫలానా వారి దిబ్బ, పడమర: పుంత, ఉత్తరం: కాలువ" అని రాసినప్పుడు, ఆ లావాదేవీతో ఏ సంబంధమూ లేని ఇద్దరు ముగ్గురు మనుషుల ఉనికికి, ఆ ఏట వారు ఆ పొలం మీద ఉన్నారనడానికి సాక్ష్యం పడుతుంది. మీ ముత్తాత జన్మలో ఒక్క దస్తావేజూ రాసి ఉండకపోవచ్చు, కానీ పక్క పొలం వాడు రాసినప్పుడల్లా ఆయన హద్దుగా నిలబడి ఉంటాడు. ఒక దస్తావేజులో తూర్పు హద్దుగా తండ్రి పేరుండి, పన్నెండేళ్ళ తర్వాతి దస్తావేజులో అదే తూర్పున కొడుకు పేరు వస్తే, ఆ నడుమ తండ్రి పోయాడనో పంపకాలు జరిగాయనో ఊహించవచ్చు. పంపకాల దస్తావేజు ఒక్కటి దొరికితే పండగే. అన్నదమ్ములు, పోయిన అన్నగారి మైనరు కొడుకులు, వారి సంరక్షకురాలైన తల్లి, అప్పుల వాటాలు, నూతిలో హక్కు, పెరట్లో దారి అన్నీ అందులో ఉంటాయి. అడుగున సంతకం వచ్చినవాడి సంతకం, రానివాడి నిశాని, దాని పక్కనే రాసినవాడి దస్తూరీ కనిపిస్తాయి. ఎవరు చదువుకున్నారో ఎవరు చదువుకోలేదో దాన్నిబట్టే తేలిపోతుంది.

ఈ దస్తావేజుల కంటే ఇంకొంచెం వెనక్కి వెళితే ఇనాం రిజిస్టర్లున్నాయి. మద్రాసు రాజధానిలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. పన్ను లేకుండా అనుభవిస్తున్న మాన్యాలన్నిటికీ హక్కు నిరూపించుకోమంది. నిరూపించుకోవాలంటే ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, మొదట పుచ్చుకున్నవాడెవడు, ఇప్పుడనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు అన్నవి చెప్పాలి. వంశవృక్షం గీయమని సర్కారే అడిగిందన్నమాట! ఇనాం అనగానే అగ్రహారాలే గుర్తొస్తాయి కానీ, ఈ రిజిస్టర్లలో మంగలి మాన్యం, చాకలి మాన్యం, కుమ్మరి మాన్యం, గుడి ముందు మేళం వాయించేవారి మాన్యం కూడా ఉన్నాయి. ఊరికి సేవ చేసినందుకు ఇచ్చిన భూములవి. దేవదాసీ మాన్యాల్లో ఆడవాళ్ళే హక్కుదారులు. తల్లి నుంచి కూతురికి సంక్రమించిన వంశం మన రెవెన్యూ రికార్డులో అంత స్పష్టంగా కనిపించేది బహుశా అక్కడే. కులవృత్తులవారి వంశచరిత్ర దొరకదని ముందే చేతులెత్తేసేవారు ఈ పుస్తకాలను ఒకసారి తిరగేయాలి.

ఇక భూమీ కౌలూ మాన్యమూ ఏమీ లేని కూలివాడి సంగతి. ఇక్కడే మన రికార్డుల వింత బయటపడుతుంది. ఊళ్ళో ఉండిపోయిన పేదవాడి గురించి ఒక్క ముక్క లేదు, ఊరు విడిచి ఓడెక్కిన అతని తమ్ముడి గురించి మాత్రం ఒంటి మీది మచ్చతో సహా ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు గిరిమిటు, అంటే అగ్రిమెంటు కూలీలుగా 1,52,184 మంది వెళ్ళారు. వారిలో ఎక్కువమంది మద్రాసు నుంచి ఓడెక్కినవారు, తమిళులూ తెలుగువాళ్ళూ. ప్రతి ఓడకూ ఒక పట్టీ ఉంది. కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తు. కుడి మోకాలి కింద మచ్చ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ! మీసాల రాజుగారి వంశావళిలో కూడా ఇంత వివరం ఉండదు. ఎందుకు రాశారు? పారిపోతే పట్టుకోవడానికి. యజమానికి కావలసింది ఆ మనిషి శరీరం, అందుకే శరీరాన్నే రాసుకున్నాడు. ఆ క్రూరమైన అవసరమే ఇవాళ మనవళ్ళకు ఆధారమైంది. ఆ పట్టీలను చరిత్రకారులు కంప్యూటర్లోకి ఎక్కించారు. డర్బన్‌లోని గాంధీ–లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ ద్వారా అవి అందుబాటులోకి వచ్చాయి. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు వెళ్ళిన 60 వేల మందికి పైగా కూలీల పాసులు సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రికార్డులతో పాటు, 1860ల తర్వాతివారి ఫోటోలు కూడా ఉన్నాయి.

అక్కడ కూడా పేరుతో వెతికితే తల బొప్పి కడుతుంది. దక్షిణాఫ్రికాలో ఇంటిపేర్లు ఏనాడో కరిగిపోయాయి, నాయుడు, రెడ్డి లాంటి పట్టాలే ఇంటిపేర్లుగా మిగిలాయి. నాయుడు అని కొడితే డర్బన్ టెలిఫోన్ డైరెక్టరీ అంతా వస్తుంది. నంబరు పట్టుకోవాలి. కూలీ నంబరు మనిషిని చచ్చేదాకా వెంటాడింది. పెళ్ళి కాగితంలో, పిల్లల పుట్టుక కాగితంలో, మరణ పత్రంలో ఆ నంబరుంటుంది. కాబట్టి ఇంట్లో ఉన్న ఏ ముక్క కాగితంలోనైనా ఆ నంబరు దొరికిందా, ఓడ పట్టీ దొరికినట్టే. అక్కడినుంచి ఊరికి రావడం మన పని. పట్టీలో విజాగపట్నం జిల్లా అని ఉంటే ఇప్పటి విశాఖపట్నం అనుకుని పొరపడతారు. ఆ జిల్లాలో ఇవాళ్టి విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం ప్రాంతాలన్నీ ఉండేవి, ఒడిశాలోకి పోయిన కొరాపుట్ కూడా ఉండేది. గంజాం అని ఉంటే శ్రీకాకుళం వైపు చూడాలి. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా చికాకోలు అని రాసిన శ్రీకాకుళం, టెక్కలి అన్నీ గంజాంలోవే. కొత్తవలస, కొత్తూరు లాంటి పేర్లున్న ఊళ్ళు ఒకటి కావు, అందుకే ఠాణా గడి చూడకుండా ఊరిని ఖాయం చేయకూడదు. ఊరు అసలే చదవలేనట్టుంటే పిలుపుపేరు ఆదుకుంటుంది. అప్పలస్వామి, అప్పలనర్సమ్మ అని ఉంటే సింహాచలం అప్పన్నను కొలిచే ఇల్లు, ఉత్తరాంధ్ర. పైడితల్లి అంటే విజయనగరం వైపు. ఓబులేసు అంటే అహోబిలం చుట్టుపక్కల. పెంచలయ్య అంటే నెల్లూరు పెంచలకోన దిక్కు. యాదగిరి అన్న పేరు గోదావరి లంకల్లో అరుదు, నల్లగొండలో వీధికొకటి. మనిషిని తేల్చలేని పేరు ప్రాంతాన్ని మాత్రం తేలుస్తుంది, దాన్ని ఆ పనికి వాడుకుంటే చాలు.

ఈ వాదనకు ఎదురు ఉదాహరణ కూడా నేనే చెప్పాలి. నేటాల్‌కూ ఫిజీకీ వెళ్ళిన తెలుగువాళ్ళ కంటే రంగం వెళ్ళినవాళ్ళు, అంటే రంగూన్ వెళ్ళినవాళ్ళు చాలా ఎక్కువ. కాకినాడ, విశాఖ రేవుల నుంచి స్టీమరు డెక్కు మీద టిక్కెట్టు కొనుక్కుని, మేస్త్రీ వెంట గుంపుగా వెళ్ళారు. కోతలకు, మిల్లు పనికి, రేవు పనికి. వారికి ఒప్పందం రాసిన ప్రభుత్వం లేదు, మేస్త్రీకీ కూలికీ నడుమ ఉన్నది అప్పు పద్దు ఒక్కటే. కాబట్టి నంబరు లేదు, పట్టీ లేదు, మచ్చల వివరం లేదు. ఉత్తరాంధ్రలో కొన్ని ఇళ్ళలో "తాత రంగంలో పోయాడు" అన్న ఒక్క వాక్యమే మిగలడానికి కారణం ఇదే. ఎదురు ఉదాహరణే అయినా నేను చెప్పేదాన్నే ఇది బలపరుస్తోంది. అదే జిల్లా, అదే కులం, అదే కరువు. రాసుకోవలసిన అవసరం ఒకచోట ఉంది, ఒకచోట లేదు. రంగం వెళ్ళినవారి కోసం ఓడల కాగితాలు వెతకడం మానేసి, వారు పంపిన డబ్బుతో ఊళ్ళో కొన్న స్థలాల దస్తావేజులు వెతకడం మేలు.

ఇప్పుడు అభ్యంతరాల్లోకి వద్దాం. మొదటిది పెద్దవాళ్ళ నుంచే వస్తుంది: "ఈ కాగితాల గొడవ దేనికి? మన గోత్రం, ఇంటిపేరు, మూలస్థానం మనకు తెలుసు. తెలియకపోతే చెప్పేవాళ్ళున్నారు." చెప్పేవాళ్ళున్నారన్నది నిజమే. కాపులకు, రెడ్లకు పిచ్చుకుంట్లవాళ్ళు గోత్రాలు చెప్పారు, మాదిగలకు డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్పారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు. గయలో పండాలు, అంటే యాత్రికుల పురోహితులు, తమ బహీల్లో, అంటే పద్దు పుస్తకాల్లో, యాత్రికుల ఊరు, తండ్రి, తాతల పేర్లు రాసుకున్నారు. హరిద్వార్ పండాల బహీలు కొన్ని ఫిల్ముకెక్కి ఫ్యామిలీసెర్చ్‌లోకి కూడా వచ్చాయి. వీటిని నేను చులకన చేయడం లేదు. కానీ వీటికీ అవసరం ఉంది. ఆశ్రిత కులంవాడు పోషించే కులాన్ని పొగడాలి, పండా తన యజమానులను పక్క పండాకు పోనివ్వకూడదు. పొగడ్తలో మూలపురుషుడు ఎప్పుడూ వీరుడే, అప్పులపాలై ఊరు విడిచిన మూలపురుషుణ్ణి ఏ గాయకుడూ పాడడు. పండా బహీకి అలాంటి పక్షపాతం తక్కువ కాబట్టి దాని మీద నా గురి ఎక్కువ. అక్కడ కూడా వరస ఊరిదే. పండాను చేరుకోవాలంటే ముందు "ఏ ఊరు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి.

నోటిమాటలో నేను కళ్ళకద్దుకునేది మరొకటుంది, కాలం గుర్తు. "మా ముత్తాత ధాత కరువులో పుట్టాడు" అంటే 1876–77 అని రాసుకోవచ్చు. నందన కరువు అంటే 1832–33. అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది కాబట్టి జాతకంలో సౌమ్య నామ సంవత్సరం అని ఉంటే 1909 కావచ్చు, 1969 కావచ్చు. కరువు, ఉప్పెన ముడిపడి ఉంటే ఆ సందేహం ఉండదు. ఏడు ఫసలీలో, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరంలో ఉంటే, ఇంగ్లీషు ఏడు రావడానికి 590 కలపాలి. ఫసలీ 1310 అంటే 1900లో మొదలైన ఏడు. బ్రిటిషు ఇలాకాలో అది జూలైలో మొదలయ్యేది, హైదరాబాద్ సంస్థానంలో అక్టోబరులో. ఇలాంటి చిల్లర లెక్కలు రాకపోతే రికార్డు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు.

రెండో అభ్యంతరం కుర్రవాళ్ళది. "ఇదంతా పాత పద్ధతి, ఉమ్మి పంపితే డీఎన్ఏ పరీక్ష చెప్పేస్తుంది." డీఎన్ఏ చాలా చెబుతుంది. ఆంధ్ర వైశ్యులు రెండు మూడు వేల ఏళ్ళుగా బయటివారితో దాదాపు పెళ్ళి సంబంధాలు కలుపుకోలేదని జన్యు పరిశోధనల్లో తేలింది. అది గొప్ప విషయం. కానీ ఆ విషయం మీ ముత్తాత పేరు చెప్పదు, ఊరు చెప్పదు. పైగా మేనరికాలు, ఒకే కులంలో పెళ్ళిళ్ళు తరతరాలుగా నడిచినచోట అందరి జన్యువుల్లోనూ పోలిక ఎక్కువ ఉంటుంది. అందుచేత యంత్రం దూరపు బంధువును దగ్గరి బంధువుగా చూపిస్తుంది. ఇక ఆన్‌లైన్‌లో ఎవరికి వారు అల్లే వంశవృక్షాల సంగతి. ఒకరు తప్పు రాస్తే పదిమంది దాన్నే ఎత్తిరాసుకుంటారు, పది చోట్ల కనిపించింది కాబట్టి నిజమనుకుంటారు. బతికున్నవారి పుట్టిన తేదీలు, తల్లి పుట్టింటి పేర్లు అందులో పెట్టేసేవాళ్ళను చూస్తే మాత్రం భయమేస్తుంది. పోయినవారి గురించి రాయండి చాలు. నా మటుకు నాకు ఇంటర్నెట్ చేసే పెద్ద సాయం, కాగితం ఏ ఊళ్ళో ఏ అరలో ఉందో చెప్పడం. భారత జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్‌లో వెతికితే ఫైలు పేరు, ఏడు తెలుస్తాయి. చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు, హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌కు వెళ్ళే ముందు ఏం అడగాలో తేల్చుకోవచ్చు. పాత హైకోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో చదవవచ్చు, దత్తత వివాదాల్లో అయితే మొత్తం వంశవృక్షమే తీర్పులో ఉంటుంది. దాయాదుల పోట్లాటను మించిన చరిత్రకారుడు లేడు.

మూడో అభ్యంతరం గట్టిది. నదీమూలం, ఋషిమూలం అడగకూడదన్నారు, ఈ తవ్వకాల వల్ల కులగర్వం తప్ప ఒరిగేదేమిటి అంటారు. గర్వం కోసం వెతికేవాడికి రికార్డు పనికిరాదు, అతనికి పొగిడే గాయకుడు చాలు. రికార్డులోకి దిగినవాడికి మూడు తరాల్లోనే తనఖాలు, వేలం నోటీసులు, వలసలు, దత్తతలు ఎదురవుతాయి. అగ్రహారీకుడి మనవడు కౌలుదారుగా, కౌలుదారు మనవడు పట్టాదారుగా కనిపిస్తారు. గర్వం అక్కడే సగం దిగుతుంది. ఇక ఒరిగేది ఏమిటంటే, 2024 మార్చిలో మారిషస్‌లో భారత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఒక ప్రకటన చేశారు. అక్కడి భారత సంతతివారిలో ఏడో తరంవారికి కూడా ఓసీఐ, అంటే విదేశీ భారత పౌరసత్వ కార్డు పొందే వీలు కల్పిస్తున్నట్టు చెప్పారు. కోరంగి రేవు నుంచి వెళ్ళినందుకు కోరంగీలు అని పిలిపించుకున్న తెలుగువాళ్ళ వారసులు ఆ కార్డు కావాలంటే, ముత్తాతకు ముత్తాత ఫలానా ఓడలో వచ్చాడని చూపే కాగితం తేవాలి. గర్వం కోసం అడిగే కాగితం కాదది.

ఒక లోటు మాత్రం నా పద్ధతి పూడ్చలేదు, లేదా సగమే పూడ్చగలదు. ఆడవాళ్ళు. శిస్తు కట్టేది మగవాడు, హద్దుల్లో పేరు మగవాడిది, పండా బహీలో తండ్రీ తాతా. 1951–52 నాటి మొదటి సాధారణ ఎన్నికలప్పుడు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళు ఓటరు జాబితాలో చేరలేకపోయారు. సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించడంతో వారి నమోదును తీసేశారు. వారిలో ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారే అయినా, మనవైపు కాగితాల తీరు అంతకన్నా మెరుగేమీ కాదు. అయితే రాసేవాడికి ఆడమనిషి పేరు అవసరమైన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వెతుకులాటను అక్కడికి తిప్పాలి. గిరిమిటు పట్టీలో ఆడ కూలీకీ మగ కూలీకీ ఒకే రకం గడులు. చర్చి బాప్తిస్మ పుస్తకంలో తల్లి పేరు రాస్తారు. భర్త పోయిన స్త్రీ దత్తత తీసుకుంటే దత్తత పత్రంలో ఆమే కర్త. అన్నిటికన్నా విలువైనది పసుపుకుంకుమల కింద కూతురికి రాసిచ్చిన దస్తావేజు. అందులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి, భర్త పేరు, ఊరు ఉంటాయి, నడుమ ఆమె పేరుంటుంది. రెండు ఇంటిపేర్లను, రెండు ఊళ్ళను కలిపి చెప్పే కాగితం మన రికార్డుల్లో అంతకు మించి మరొకటి కనబడదు. మామ్మ పుట్టింటివారి ఊరు తెలిస్తే, ఆ ఊరి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రెండో సూచిక తీయించి, ఆమె పెళ్ళయిన ఏడుకు అటూ ఇటూ ఐదేళ్ళు చూడండి. అర ఎకరం మాగాణి అయినా, నాలుగు కొబ్బరిచెట్లున్న దొడ్డయినా ఆమె పేర రాసిచ్చి ఉంటే, ఆమె సంతకమో వేలిముద్రో అక్కడ దొరకవచ్చు.